జానీబీ కట్టిన నెగడు

వాడరేవు,
21 అక్టోబరు 2024

అన్నయ్యకు సలాం.

నువ్వు, వదిన, షమా ముగ్గురూ బాగున్నారనుకుంటాను. నేను బాగున్నాను. నీకు ఫోను చేస్తే వినపడదు. మీ అమ్మాయి షమాకు చెబితే తన ఆఫీసు హడావిడిలో సగమే నీకు చేరవేస్తుంది. అందుకే ఈ కాగితం. దూది ఏకే మిషను పక్కన ముప్పై ఏళ్ళు నిలబడితే చెవులు ఏమవుతాయో నువ్వు అప్పుడే ఆలోచించుకోవాల్సింది.

మొన్న శనివారం సంగతి రాస్తాను. సముద్రం చూడడానికి వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే నా రెండు గదుల్లో గుంటూరు టీచరమ్మలు ఆరుగురు దిగారు. మంచివాళ్ళు. పక్కింటి కోటేశ్వరి దగ్గర వంజరం చేప కొన్నారు. వాన వెలిసి చల్లగా ఉందని, నన్ను అడక్కుండానే పెరట్లో ఇసుక మీద సరుగుడు కట్టెలు పేర్చి వెలిగించారు. కాసేపటికి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. నిప్పురవ్వలు, అక్కడ చోటు చాలక నువ్వు నా దగ్గర పెట్టిన దూది మూటలున్న షెడ్డు వైపు ఎగిరాయి. రెండు రవ్వలు రేకు మీద పడి ఆరిపోయాయి. నేను నీళ్ళ బక్కెటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాళ్ళు కదల్లేదు. కోటేశ్వరి పరిగెత్తుకొచ్చి నా చేతిలో బక్కెటు లాక్కుని మంట మీద పోసింది.

వద్దని ఎంతమందికి చెప్పను? వచ్చినవాళ్ళంతా “ఆంటీ, మంట వేసుకోవచ్చా” అనే అడుగుతున్నారు. కాదంటే గోడ అవతల వేసుకుని ఆర్పకుండా పోతున్నారు. రెండు రోజులు ఆలోచించాను. పెరట్లో నిప్పుల గుండం తవ్వుదామని నిర్ణయించుకున్నాను. నిప్పు నేను చెప్పిన చోటే ఉండాలి, నేను చెప్పినంతే ఉండాలి.

జక్రయ్య మేస్త్రీని అడిగితే నవ్వాడు. “ఏందక్కా, నాలుగు రాళ్ళు గుండ్రంగా పెడితే అయ్యేదానికి మేస్త్రీ ఎందుకు? ఆడోళ్ళు కూడా పెట్టుకోవచ్చు” అన్నాడు. సరే, ఆడదాన్నే పెట్టుకుంటానన్నాను. పొగాకు కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఆకు గ్రేడు చేసినదాన్ని. ముట్టుకుని ఏ రకమో చెప్పేదాన్ని. ఇటుకలు పేర్చడం రాకపోతుందా?

వదినకు మునగాకు పొడి పంపుతాను, మనిషి దొరకనీ.

నీ చెల్లెలు,
జానీబీ

*

ఒంగోలు,
27 అక్టోబరు 2024

జానీకి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుండం ఎందుకు? ఎవరికి మొక్కుకున్నావు? ఒంట్లో బాగాలేక మాకు చెప్పకుండా దాస్తున్నావా? పీర్ల గుండం ఇంటి పెరట్లో ఎవరికి వారు తవ్వుకునేది కాదు. పీర్ల చావిడి ముందు, పెద్దలు దగ్గరుండి తవ్విస్తారు. పైగా ఇది పీర్ల పండుగ నెల కూడా కాదు. చేప తినడానికి వచ్చిన టీచరమ్మలకు గుండంతో పనేమిటో నాకు అర్థం కాలేదు. మీ వదిన భయపడి, శుక్రవారం దర్గాకు వెళ్ళి నీ పేర ఫాతెహా చదివిస్తానంటోంది. నీకు షుగరు గానీ వచ్చిందా? ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇక్కడ పని పలచబడింది. అందరికీ ఫోము పరుపులు కావాలి. అయినా మొన్న ఒక పెద్దాయన తన పెళ్ళినాటి బూరుగుదూది పరుపు రిక్షా మీద వేసుకొచ్చాడు. విప్పి, ఏకి, కొత్త గుడ్డలో కుట్టి ఇచ్చాను. షాపులోనే దాని మీద కాసేపు పడుకుని చూశాడు. లేచి నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. వినపడలేదు గానీ మంచి మాటే అయి ఉంటుంది.

చివరగా ఒకటి చెబుతాను. దూది ఉన్నచోట నిప్పు వద్దు. మన చీరాల షెడ్డు సంగతి మరిచిపోయావా? అందరూ మరిచిపోయినా నువ్వు మరిచిపోతే ఎట్లా?

మీ అన్న,
బుడాన్

*

వాడరేవు,
2 నవంబరు 2024

అన్నయ్యకు,

మొక్కూ లేదు, రోగమూ లేదు. షుగరు నాకు కాదు, కోటేశ్వరికి. గుండం అని రాయడం నా తప్పే. నేను తవ్వేది చలిమంట వేసుకునే గుంట. నెగడు. చుట్టూ కూర్చుని చేప కాల్చుకుంటారు, చలి కాచుకుంటారు. వదినను దర్గాకు వెళ్ళమను, మంచిదే. నాకు రోగం ఉందని మాత్రం అక్కడ చెప్పొద్దను.

ఇక నువ్వు అడిగిన దానికి జవాబు. మరిచిపోయావా అని అడిగావు. నాన్న దూది షెడ్డు తగలబడినప్పుడు నాకు పదిహేనేళ్ళు, నీకు ఇరవై రెండు. నా ఎడమ చెయ్యి మోచేతి పైదాకా కాలింది. ముప్పై ఏడేళ్ళుగా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే తొడుక్కుంటున్నాను. నన్ను చూడడానికి వచ్చిన మూడు సంబంధాల వాళ్ళూ ఆ చెయ్యి చూసి లేచిపోయారు. నేను మరిచిపోతానా అన్నయ్యా?

ఆ మంట ఎట్లా పుట్టిందో ఎవరికీ తెలియలేదు. ఆ పొద్దున షెడ్డు పక్కనున్న పొయ్యి వెలిగించింది మాత్రం నేనే. అది మొదలు నువ్వు నా చేతికి అగ్గిపెట్టె ఇవ్వలేదు. నీ పెళ్ళిలో కూడా నన్ను వంటల వైపు పోనివ్వలేదు. నీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఏనాడూ అడగలేదు, అంతే.

పని మొదలుపెట్టాను. గడకర్రకు పాత చీర పేలిక కట్టి వారం రోజులు గాలి ఎటు తోలుతుందో చూశాను. షెడ్డుకు ఇరవై అడుగుల అవతల, ఇంటికి పదిహేను అడుగుల దూరాన, పైన కొమ్మ గానీ కరెంటు తీగ గానీ లేని చోటు చూసుకున్నాను. మేకు పాతి, తాడు కట్టి, తాడు చివర పుల్లతో గుండ్రంగా గీశాను. తవ్వుతుంటే ఇసుక జారి గుంటలోనే పడుతోంది. ఒక పార తీస్తే రెండు పారలు కూలుతుంది. మొదటి రోజంతా అదే పని. రెండో రోజు ముందే నీళ్ళు చల్లి, ఇసుక గట్టిపడ్డాక తవ్వాను. జానెడున్నర లోతు దిగింది. నడుము పట్టేసింది గానీ గుంట నిలబడింది.

నీ దూదికి నా దగ్గర భయం అనిపిస్తే తీసుకెళ్ళు. నేనేమీ అనుకోను.

జానీబీ

*

ఒంగోలు,
9 నవంబరు 2024

జానీకి,

ఈ ఉత్తరం ట్రాలీ ఆటో నడిపే వాసిం చేతికే ఇస్తున్నాను. దూది మూటలు అతనికి ఎక్కించు. తీసుకెళ్ళు అన్నావు కాబట్టి తీసుకెళుతున్నాను. నీ ఇంట్లో నా సామాను నీకు ఇన్నాళ్ళూ బరువుగా ఉందని నాకు తెలియదు. తెలిస్తే ఎప్పుడో తీసేవాణ్ణి.

పొయ్యి సంగతి ఎందుకు రాశావో నాకు బోధపడలేదు. పొయ్యి నువ్వు వెలిగిస్తే ఏమిటి? ఇంట్లో రోజూ ఎవరో ఒకరు వెలిగించేదే కదా.

ఆటో ఖాళీగా రావడం ఎందుకని రాళ్ళు వేయించాను. గ్రానైటు పాలిషు చేసే చోట మిగిలిన ముక్కలు. నల్లరాయి. మా ఒంగోలు రాయి దేశమంతా పోతోంది, నీ పెరట్లో ఎందుకు ఉండకూడదు? కట్టి తీరతానన్నావు కాబట్టి గట్టిదే కట్టు. ఇది నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటుంది.

బరువులు నువ్వు మొయ్యకు. వాసింని దింపమను.

బుడాన్

*

వాడరేవు,
24 నవంబరు 2024

అన్నయ్యకు సలాం.

రాళ్ళు అందాయి. నీ సామాను నాకు బరువని ఎక్కడ రాశాను? నీకు భయమైతే అన్నాను. మూటలు పోయాక షెడ్డు బోసిపోయింది. రెండు రోజులు అటు వెళ్ళలేదు.

నిన్న జరిగింది చెబుతాను, ముందు చివరి ముక్క చదువు: ఎవరికీ ఏమీ కాలేదు.

నీ రాళ్ళు గుంట చుట్టూ మూడు వరసలు పేర్చాను. ఒక్కొక్కటీ అద్దంలా మెరుస్తుంటే పెరడుకే అందం వచ్చింది. వారమంతా ముసురు. నిన్న తెరిపిచ్చింది కదా అని సాయంత్రం కోటేశ్వరిని తోడు పిలుచుకుని మొదటిసారి వెలిగించాను. అగ్గిపుల్ల నేనే గీశాను. మంట బాగా అందుకుంది. పావుగంట కూడా కాలేదు, లోపలి రాయి ఒకటి ఢామ్మని పేలింది. వెంటనే ఇంకొకటి. ముక్కలు ఎగిరి బక్కెటుకు తగిలాయి. కోటేశ్వరి చేపల బుట్ట నెత్తిన బోర్లించుకుని గోడ చాటుకు పోయింది.

ఈసారి నా కాళ్ళు కదిలాయి అన్నయ్యా. పక్కన కుప్పపోసి పెట్టుకున్న ఇసుక పారతో ఎత్తి మంట మీద పోశాను. నాలుగు పారలకు అణిగింది.

చప్పుడు విని జక్రయ్య వచ్చాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పగిలిన ముక్క చేతిలో పెట్టుకుని చూసి, “నీళ్ళు తాగిన రాయక్కా. లోపల తడి ఆవిరై పగలదోసింది. నల్లరాయి గచ్చుకు బాగుంటది గానీ నిప్పుకు ఇటుకే” అన్నాడు. నీ రాళ్ళ తప్పు లేదు, వాటికి అది పని కాదు. గుమ్మం ముందు పరుచుకుంటాను. వానాకాలం కాళ్ళు కడుక్కోవడానికి నాకు అట్లాంటి రాళ్ళే కావాలి.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పెడతాను.

నీ చెల్లెలు,
జానీబీ

*

ఒంగోలు,
24 నవంబరు 2024

జానీకి,

నీ దగ్గర నుంచి ఉత్తరం ఇంకా రాలేదు. ఇవాళ పొద్దున షమా నీకు ఫోను చేస్తే కోటేశ్వరి ఎత్తిందట. “రాళ్ళు పేలాయి, జానీబీ చెయ్యి” అనేదాకా వినపడి లైను తెగిపోయిందట. తర్వాత ఎంతసేపు చేసినా కలవలేదు. చెయ్యి ఏమైంది? షమాను చీరాల బస్సు ఎక్కించాను. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. నేను ఎందుకు రాలేదని అనుకుంటావు. బస్టాండు దాకా వచ్చాను. కాళ్ళు చల్లబడి బెంచీ మీద కూలబడ్డాను. మీ వదిన ఇంటికి తీసుకుపోతానంటోంది. ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

ఆ రాళ్ళు పంపింది నేను. మళ్ళీ నేనే.

ముప్పై ఏడేళ్ళుగా నీకు చెప్పని మాట రాస్తాను. ఆ రోజు నాన్న ఊళ్ళో లేడు. పొగ చూసి నేను సందు చివర నుంచి పరిగెత్తుకొచ్చాను. నువ్వు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నావు. లోపల పెళ్ళివారి పరుపులు ఆరు ఉన్నాయి, మర్నాడు ఇవ్వాల్సినవి. నేను “జానీ, పరుపులు, పరుపులు తియ్యి” అని అరిచాను. నువ్వు లోపలికి దూకావు. పక్కకు రా అని అరవాల్సిన నోటితో పరుపులు అన్నాను. నీ చేతికి కట్టు విప్పిన రోజు నేను ఇంట్లో లేను. కావాలనే లేను.

అగ్గిపెట్టె ఇవ్వలేదని రాశావు. నిజమే. నీ మీద అనుమానంతో కాదమ్మా. ఆ పొయ్యి మాట నాకు ఏ రోజూ తోచలేదు. నా మాట విని నువ్వు ఒకసారి నిప్పులోకి వెళ్ళావు. మళ్ళీ నిప్పు దగ్గర నిన్ను చూడలేక ఇవ్వలేదు. వచ్చిన మూడు సంబంధాలూ పోయింది నా నోటి వల్ల. నాకు చెవుడు వచ్చినప్పుడు, పోనీలే, నా గొంతు నాకే వినపడకుండా పోయింది అనుకున్నాను.

చెయ్యి ఎట్లా ఉందో రాయి. ఏ చెయ్యో రాయి.

బుడాన్

*

వాడరేవు,
25 నవంబరు 2024

అన్నయ్యా,

చేతులు రెండూ బాగున్నాయి. కోటేశ్వరి చెప్పబోయింది “జానీబీ చెయ్యి అడ్డం పెట్టి నన్ను వెనక్కి నెట్టింది” అని. షమా నిన్న వచ్చి, నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, భోజనం చేసి పడుకుంది. పొద్దున బస్సుకు తనతోనే ఇది పంపుతున్నాను.

నీ ఉత్తరం పెరట్లో కూర్చుని రెండుసార్లు చదివాను.

నువ్వు అరిచావా? నాకు వినపడలేదు అన్నయ్యా. తాటాకు కప్పు అంటుకుంటే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. పక్కన మనిషి ఉన్నా తెలియదు. నువ్వు వచ్చినట్టే నాకు తెలియదు. పరుపులు నా ఆలోచనలోనే లేవు. నేను లోపలికి వెళ్ళింది విల్లు కోసం. తాత దూది ఏకిన విల్లు, వెనక గోడకు ఉండేది. నాన్న రోజూ దాన్ని తుడిచి, తగిలించి, అప్పుడు మిషను దగ్గరికి పోయేవాడు. అది కాలిపోతే నాన్న ఏమైపోతాడో అనిపించింది. చెయ్యి చాచాను. తీగ వేళ్ళకు తగిలింది కూడా. అంతలో పైకప్పు ముక్క మీద పడింది.

ఎవరికీ చెప్పలేదు. కొయ్యముక్క కోసం చెయ్యి కాల్చుకున్నానంటే పిచ్చిదంటారని. చెప్పి ఉంటే నీకు ఇన్నేళ్ళ బాధ తప్పేది. నువ్వు చెప్పి ఉంటే నాకు తప్పేది. పొయ్యి వల్లే మంట పుట్టిందని, నువ్వు నన్ను మనసులో తప్పుపడుతున్నావని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇద్దరం ఒకే పళ్ళెంలో తిని ఈ మాట మాట్లాడుకోలేకపోయాం.

నీ గొంతు వల్ల నాకు ఏమీ కాలేదు. ఈ మాట షమా నీ చెవిలో అరిచి చెప్పే పని లేకుండా నువ్వే చదువుకోవాలని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

జానీబీ

*

ఒంగోలు,
29 నవంబరు 2024

జానీకి,

ఉత్తరం అందింది. మీ వదినకు కూడా చూపించాను. రాయడానికి కూర్చుంటే రావడం లేదు. ఇటుకలు మంచివి ఏరుకో. పచ్చివి వద్దు.

అన్న

*

వాడరేవు,
22 డిసెంబరు 2024

అన్నయ్యకు సలాం.

అయిపోయింది. ఎట్లా కట్టానో మొత్తం రాస్తాను, ఓపికగా చదువు.

జక్రయ్య ఒక పాత ఇల్లు పడగొడుతున్న చోట బాగా కాలిన ఇటుకలు చూపించాడు. ఒక్కొక్కటీ గోటితో కొట్టి చూసి, ఖంగుమన్నవే తీసుకున్నాను. పొగాకు ఏరినట్టే ఏరాను. అతను ఓపిక పట్టలేక “అక్కా, ఇవి ఇటుకలా, ముత్యాలా” అన్నాడు. గుంట అడుగున ఐదంగుళాల మందాన కంకర పరిచాను, వాన నీళ్ళు ఇంకిపోవడానికి. వరసకు ఇరవై ఐదు ఇటుకలు, పొట్టివైపు లోపలికి చూసేట్టు. అట్లా మూడు వరసలు నేల లోపల, రెండు వరసలు పైన. కింది అతుకు మీద పై అతుకు పడకుండా చూసుకున్నాను. నేల పైకి వచ్చిన మొదటి వరసలో నాలుగు వైపులా రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలాను. గాలి అందకపోతే మంట కంటే పొగే ఎక్కువ వస్తుంది.

సిమెంటు వాడలేదు. వేడికి బీటలిస్తుందట. పర్చూరు వైపు నుంచి వచ్చే ట్రాక్టరు వాళ్ళను అడిగి రేగడి మట్టి తెప్పించి పూశాను. అది ఆరి, పత్తి చేను ఎండాకాలంలో పగిలినట్టు పగిలింది. గీకేశాను. ఈసారి మట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు, కాస్త ఊక కలిపి తొక్కి, రెండు రోజులు నాననిచ్చి పూశాను. నిలబడింది. వారం నీడన ఆరబెట్టి, తర్వాత రోజూ చిన్న చిన్న మంటలు వేసి కాల్చాను. మొదట చేతిలో పట్టేంత, మర్నాడు చాటెడు, ఆ తర్వాత బుట్టెడు. ఒకసారి పుల్లలు చాలక పొయ్యిలోకని దాచిన మిరపకట్టె వేశాను. వీధి వీధంతా దగ్గింది. ఇక వెయ్యను.

నిన్న జక్రయ్య రసమట్టం తెచ్చాడు. నేను పిలవలేదు, తనే వచ్చాడు. పై వరస మీద నాలుగు చోట్ల పెట్టి చూశాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. నాలుగు చోట్లా బుడగ మధ్యలోనే నిలబడింది. లేచి, రసమట్టం తుడుచుకుని, “గుండ్రం ఎట్లా గీశావక్కా?” అని అడిగాడు. అతను నన్ను అడిగాడు అన్నయ్యా. మేకూ తాడూ చూపించాను.

చుట్టూ ఐదడుగుల దూరంలో కూర్చోవడానికి చెక్కలు వేశాను. పక్కన ఇసుక కుప్ప, రెండు బక్కెట్ల నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఎవరడిగినా వెలిగించను. మనుషులు వెళ్ళిపోయాక నేనే ఆర్పి, చెయ్యి పెట్టి చూసి, రేకు మూత వేస్తాను.

నువ్వు వచ్చి చూడు. వదినను, షమాను తీసుకురా. రాకపోతే ఫోటో మాత్రం పంపను.

నీ చెల్లెలు,
జానీబీ

*

ఒంగోలు,
7 జనవరి 2025

జానీకి దీవెనలు.

క్షేమంగా చేరాం. ప్యాసింజరు గంట ఆలస్యం. అదీ మంచిదే అయింది. బోగీలో పక్కన కూర్చున్నాయనకు నీ నెగడు ఎట్లా కట్టావో మొత్తం చెప్పాను. వరసకు ఇరవై ఐదు ఇటుకలని, మట్టి ఒక పాలని, అన్నీ. ఆయన మధ్యలో దిగాల్సిన వాడట, చివరి దాకా విన్నాడని షమా అంటోంది. బండి ఆగలేదని నేను చెబుతున్నాను.

అక్కడ నీతో సరిగా మాట్లాడలేకపోయాను. ఎదురుగా ఉంటే నాకు మాట రాదని నీకు తెలుసు. ఇప్పుడు రాస్తాను.

పగలు నువ్వు వంటలో ఉన్నప్పుడు నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. కుట్టుపని వాడి కన్ను కదా, వంకర ఉంటే దొరకాల్సిందే. దొరకలేదు. సాయంత్రం మంట వేసిన గంటకు బయటి ఇటుక మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. నువ్వు చూశావు, చూడనట్టు ఊరుకున్నావు.

ఇంకొకటి రాయాలి. పదేళ్ళుగా నలుగురున్న చోట కూర్చోవడం మానేశాను. పెళ్ళికి వెళ్ళినా పందిరి బయట నిలబడతాను. ఎవరు ఎటు నుంచి మాట్లాడుతున్నారో తెలియదు, తల తిప్పేలోగా మాట అయిపోతుంది. అందరూ నవ్వాక నేను నవ్వుతాను. నీ నెగడు దగ్గర అందరూ గుండ్రంగా కూర్చున్నారు. అందరి మొహాలూ మంట వైపే ఉన్నాయి. ఆ వెలుగులో అందరి పెదవులూ నాకు కనపడ్డాయి, జానీ. నరసరావుపేట నుంచి వచ్చి నీ గదుల్లో దిగిన ఆ పెద్దావిడ తన కోడలి గురించి చెప్పింది నాకు మొత్తం అర్థమైంది. అందరితో పాటే నవ్వాను. షమా నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

నువ్వు జాకెట్టు చేతులు మోచేయి పైకి మడిచి కట్టెలు ఎగదోశావు. ఆ పెద్దావిడ నీ చెయ్యి చూసి ఏమైందని అడిగింది. “చిన్నప్పుడు కాలింది, మా తాత విల్లు తేబోయి” అన్నావు. ఊరు పేరు చెప్పినంత మామూలుగా అన్నావు. అది కూడా నాకు కనపడింది.

ఎవరు కట్టారని వాళ్ళబ్బాయి అడిగాడు. నువ్వు కట్టెల కోసం అటు వెళ్ళావు, వినలేదు. “మా చెల్లెలు” అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. షమా చెవులు మూసుకుంది. మీ వదిన పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ అన్నాను.

దూది మూటలు వచ్చే వారం వాసిం ఆటోలో పంపుతున్నాను. ఒంగోలులో చోటు చాలక కాదు. నీ షెడ్డులో ఉంటేనే నాకు ధైర్యం.

నీ అన్న,
బుడాన్

*

వాడరేవు,
27 జనవరి 2025

అన్నయ్యకు సలాం.

మూటలు చేరాయి. లెక్క సరిపోయింది. నేల చెమ్మ తగలకుండా కింద చెక్కలు వేసి పేర్పించాను.

ఒక కబురుంది. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన లాడ్జి మేనేజరు వచ్చి నా పెరడు చూసి వెళ్ళాడు. వాళ్ళ తోటలో మూడు నెగళ్ళు కావాలట. నరసరావుపేట వాళ్ళు చెప్పారట. వాళ్ళకు చెప్పింది నువ్వే కాబట్టి ఆ పుణ్యం నీదే. ముందు జక్రయ్యను అడిగితే, “అది నా పని కాదండి, జానీబీ గారి పని. ఆమె వస్తే నేను ఇటుకలందిస్తాను” అన్నాడట. గారు అన్నాడని మేనేజరే చెప్పాడు. నేను మళ్ళీ చెప్పించుకున్నాను.

చోటు చూసొచ్చాను. ఒకటి కొబ్బరాకు పందిరికి మరీ దగ్గరగా అడిగారు. కుదరదన్నాను. అందంగా ఉంటుందని మేనేజరు బతిమాలాడు. “అందం సంగతి మీరు చూసుకోండి, నిప్పు సంగతి నేను చూసుకుంటాను. అక్కడైతే నేను కట్టను” అన్నాను. జరిపించాడు. ఇన్నేళ్ళలో నా మాట మీద ఒక గీత జరగడం నేను చూడలేదు.

రాత్రి జాకెట్లన్నీ తీసి, నాలుగింటికి చేతులు కత్తిరించి పొట్టివి చేసుకున్నాను. పొడుగు చేతులకు మట్టి అంటుకుని పని సాగడం లేదు. కుట్లు వంకరగా వచ్చాయి. నువ్వు వచ్చినప్పుడు సరిచేసి పెట్టు.

చెవులకు మిషను పెట్టించుకోమని షమా అంటోందట, పెట్టించుకో. పెట్టించుకున్నా ఉత్తరాలు మానకు.

ఇంకా రాయాలని ఉంది గానీ, జక్రయ్య గేటు బయట సైకిలు స్టాండు వేసుకుని అరగంటగా ఎదురుచూస్తున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. మేస్త్రీ బయలుదేరాక బయలుదేరతానంటున్నాడు. వెళ్ళాలి, ఆ మేస్త్రీని నేనే.

జానీబీ